చచ్చిన కాలేజీ

పాత రోజుల్లో మద్రాసు చూసొచ్చిన మన పెద్దవాళ్లు రెండు కాలేజీల గురించి చెప్పేవారు. ఒకటి బతికిన కాలేజీ, ఇంకొకటి చచ్చిన కాలేజీ. మొదటిది జంతుప్రదర్శనశాల, రెండోది ఎగ్మూరు మ్యూజియం. పేరు పెట్టిన మహానుభావుడెవరోగానీ, ఇంతకంటే సూటిగా చెప్పడం కష్టం. ఒకచోట పులి తిరుగుతూ ఉంటుంది. ఇంకొకచోట అదే పులి గడ్డి కూరుకుని, గాజు కళ్లతో మనల్ని చూస్తూ ఉంటుంది.

ఆ చచ్చిన కాలేజీలోంచి బయటికొచ్చేటప్పుడు పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. పెద్దలకీ అదే అనుమానం ఉంటుంది కానీ పైకి అనరు. "ఎప్పుడో చచ్చిపోయిన వాటిని ఇన్నేళ్లు దాచిపెట్టడం దేనికి? ఫోటోలున్నాయి, వీడియోలున్నాయి. పోనీ జాతికి ఒక్కటి ఉంచుకోవచ్చు కదా, వందల కొద్దీ ఎందుకు?"

ఈ అధ్యాయమంతా ఆ ప్రశ్నకు జవాబే.

తెర వెనక గదులు

మనం టిక్కెట్టు కొని చూసేది మ్యూజియంలో ముందు గదులు మాత్రమే. అసలు సరుకంతా వెనక గదుల్లో, వరసలు వరసలుగా నిలబెట్టిన ఇనుప బీరువాల్లో ఉంటుంది. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం దగ్గర దాదాపు 8 కోట్ల నమూనాలున్నాయి. వాటిలో జనం కంటపడేది చాలా చిన్న భాగం. ఆ మ్యూజియం తన పక్షులను దాదాపు అన్నిటినీ లండన్ బయట ట్రింగ్ అనే చిన్న ఊళ్లో పెట్టుకుంది. అక్కడ సొరుగు లాగితే పక్షులు వెల్లకిలా, రెక్కలు ముడుచుకుని, పక్కపక్కనే పడుకుని ఉంటాయి. గాజు కళ్లుండవు, కూర్చోబెట్టడానికి కొమ్మ ఉండదు. కంటి గుంటల్లోంచి దూది కనిపిస్తుంది. అందంగా కనపడాలని ఎవరూ చేసినవి కావవి. పొట్ట దగ్గర కోసి, మాంసం తీసేసి, చర్మం లోపలి వైపు మందు రాసి, దూది కూరి కుట్టేసిన నమూనాలు. వీటిని చర్మ నమూనాలందాం. పురుగు పట్టకుండా పూర్వం ఆర్సెనిక్ కలిపిన సబ్బు రాసేవారు. అందుకే పాత నమూనాలను ఈనాటికీ ఒట్టి చేతులతో ముట్టుకోరు.

ప్రతి పక్షి కాలికీ దారంతో కట్టిన చిన్న చీటీ ఉంటుంది. ఎక్కడ దొరికింది, ఏ తేదీన, మగదా ఆడదా, ఎవరు పట్టారు అన్న నాలుగు ముక్కలు అందులో రాసి ఉంటాయి. మ్యూజియంలో అన్నిటికంటే విలువైన వస్తువేదని నన్నడిగితే పులినీ చూపించను, డైనోసార్‌నీ చూపించను. ఆ చీటీని చూపిస్తాను.

పొలానికి కాగితాలెంతో నమూనాకు చీటీ అంత. నేల నేలగానే ఉంటుంది. నల్లరేగడే కావచ్చు, బోరు నీళ్లు పుష్కలంగా ఉండొచ్చు. సర్వే నంబరు లేకపోతే, పాసుపుస్తకం లేకపోతే ఆ పొలంతో అమ్మకమూ సాగదు, బ్యాంకు అప్పూ పుట్టదు, కోర్టులో మాటా చెల్లదు. చీటీ పోయిన పక్షి కూడా అంతే. ఈకలు మెరుస్తూనే ఉంటాయి, కానీ ఏ ప్రశ్నకూ సాక్ష్యం చెప్పలేదు. కాగితాల్లో ఇంకో గొడవ కూడా ఉందని మనకు తెలుసు. దొంగ కాగితాలు పుట్టిస్తారు, ఒకే పొలాన్ని ఇద్దరి పేర రిజిస్టరు చేస్తారు. పక్షుల విషయంలో అదీ జరిగింది. ఆ కథకు వచ్చేముందు మన కడప జిల్లా పక్షిని ఒకసారి పలకరిద్దాం.

కలివికోడి గుడ్డు

థామస్ జెర్డాన్ మద్రాసు సైన్యంలో డాక్టరు. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా కూడా పనిచేశాడు. రోగులను చూడగా మిగిలిన సమయమంతా పక్షులకే ఇచ్చిన మనిషి. తూర్పు కనుమల వైపు దొరికిన ఒక పక్షి నమూనాను ఆయన కలకత్తాలో ఉన్న ఎడ్వర్డ్ బ్లైత్‌కు పంపించాడు. 1848లో బ్లైత్ దాన్ని కొత్త జాతిగా ప్రకటించాడు. ఇంగ్లీషువాళ్లకు అది జెర్డాన్స్ కోర్సర్. మనకు కలివికోడి.

అడుగు పొడవు కూడా ఉండదు. ఛాతీ మీద రెండు గోధుమరంగు పట్టీలు, పెద్ద పెద్ద కళ్లు. పగలంతా ముళ్లపొదల నీడలో కదలకుండా ఉండి, చీకటి పడ్డాక పురుగుల కోసం నేల మీద పరుగెత్తుతుంది. 1900లో అనంతపురం దగ్గర కనిపించిన తర్వాత దాని జాడ ఎవరికీ చిక్కలేదు. మొత్తం జాతే అంతరించిపోయిందని పుస్తకాల్లో రాసేశారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ దాని బొమ్మలు పట్టుకుని ఊళ్లలో తిరిగి, పక్షులు పట్టే వాళ్లను అడిగాడు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఒక స్థానిక వేటగాడు రాత్రిపూట టార్చి వెలుగులో కలివికోడిని పట్టేశాడు. ఎనభై ఆరేళ్ల తర్వాత! శాస్త్రవేత్తలు లేదనుకున్న పక్షి ఆ చుట్టుపక్కల వాళ్లకు మాత్రం తెలిసినదే. దొరికిన ఆ పక్షి బతకలేదు. అదిప్పుడు చర్మ నమూనాగా ముంబయిలో ఉంది.

ఆ తర్వాతి కథ తెలుగువాళ్లు పత్రికల్లో చదివిందే. 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ఈ పక్షి కోసమే తెలుగు గంగ కాలువ దారి మళ్లించారు. దాని అడుగుల జాడ పట్టడానికి పొదల మధ్య మెత్తటి మట్టి పరిచారు, రాత్రిపూట వాటంతటవే ఫోటోలు తీసే కెమెరాలు పెట్టారు. ఇంత చేసినా కలివికోడి గూడు గానీ గుడ్డు గానీ ఒక్కరూ చూడలేదు. ఎప్పుడు గుడ్లు పెడుతుందో, ఎన్ని పెడుతుందో, అవి ఎలా ఉంటాయో తెలియకుండా దాన్ని కాపాడడమెలా?

జవాబులో ఒక ముక్క కడప అడవుల్లో దొరకలేదు. స్కాట్లాండులో, అబర్డీన్ విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర మ్యూజియంలో, పాత గుడ్ల సేకరణలో దొరికింది. పక్షి శాస్త్రవేత్త అలన్ నాక్స్ దాన్ని గుర్తించాడు. ఆరా తీస్తే అది కోలారు బంగారు గనుల్లో పశువైద్యుడిగా పనిచేసిన ఎర్నెస్ట్ మీటన్ దగ్గర్నుంచి వచ్చిందని, 1917 నాటిదని తేలింది. కలివికోడి గుడ్డేనని దానితో పాటు వచ్చిన ఆధారం చెబుతోంది. సరే, నమ్మడమెలా? పోల్చి చూడడానికి లోకంలో రెండో గుడ్డు లేదే!

ఇక్కడే ట్రింగ్ సొరుగు అక్కరకొచ్చింది. గుడ్డు దాచేవాళ్లు పెంకుకు చిన్న చిల్లు పెట్టి లోపలి సొనంతా ఊదేస్తారు. కానీ పెంకు లోపలి గోడకు అంటుకున్న పల్చటి పొర కొంత ఎండిపోయి అలాగే ఉండిపోతుంది. ఆ పొరలో తల్లి తాలూకు వంశలిపి, అంటే డీఎన్ఏ, ముక్కలు ముక్కలుగా మిగిలి ఉంటుంది. ట్రింగ్‌లో ఉన్న కలివికోడి చర్మ నమూనా కాలివేలి కింది మెత్త నుంచి రవ్వంత ముక్క తీసుకుని, అందులోంచి కూడా డీఎన్ఏ రాబట్టారు. కాలివేలి నుంచే ఎందుకంటే అక్కడ చర్మం మందంగా ఉంటుంది, కోసినా నమూనా రూపు చెడదు. రెండు లిపులూ సరిపోయాయి. 2013లో ఆ సంగతి ప్రకటించారు. లోకంలో తెలిసిన ఏకైక కలివికోడి గుడ్డు అదే.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. గుడ్డు తనంతట తాను ఏమీ రుజువు చేసుకోలేదు. పేరు ముందే నిర్ధారణ అయిన, చీటీ సరిగ్గా ఉన్న చర్మం ఒకటి వేరే దేశంలో భద్రంగా ఉండబట్టే దానికి ఊరూ పేరూ వచ్చాయి. ఆ చర్మాన్ని ఒలిచి దూది కూరిన 19వ శతాబ్దపు మనిషికి డీఎన్ఏ అన్న మాటే తెలియదు. ఇంకో లాభం కూడా ఉంది. కోలారు కలివికోడి ఉంటుందని మనం అనుకున్న ప్రాంతం కాదు. గుడ్డు నిజంగా అక్కడిదే అయితే, పక్షిని వెతకాల్సిన నేల ఇంకా చాలా విశాలం. 2008 తర్వాత ఏళ్ల తరబడి అంతుచిక్కకుండా పోయి, 2025లో కూతతో మళ్లీ తన ఉనికి చాటుకున్న పక్షి విషయంలో ఇది చిన్న సంగతి కాదు.

కల్నల్ గారి దొంగ కాగితాలు

అలన్ నాక్స్‌కు అంతకు ఇరవై ఏళ్ల ముందే వేరే కారణంగా పేరొచ్చింది. 1993లో ఆయనొక వ్యాసం రాశాడు. రిచర్డ్ మైనర్ట్జ్‌హాగెన్ అనే బ్రిటిష్ కల్నల్ మ్యూజియానికి ఇచ్చిన పక్షి నమూనాల్లో కొన్నిటి చీటీలు అబద్ధమని నిరూపించాడు. ఈ కల్నల్ సామాన్యుడు కాదు. యుద్ధవీరుడు, గూఢచారి, పక్షి శాస్త్రంలో పెద్ద తలకాయ. 1954లో దాదాపు 20 వేల చర్మ నమూనాలు బ్రిటిష్ మ్యూజియానికి ధారాదత్తం చేశాడు. అదే మ్యూజియం పక్షుల గదిలోకి తనను రానివ్వకుండా ఒకప్పుడు నిషేధం పెట్టిన సంగతి అప్పటికి జనం మరచిపోయారు కాబోలు.

ఇక అసలు కథానాయిక అడవి పైడికంటె. చిన్న గుడ్లగూబ. మధ్య భారతదేశపు అడవుల్లో తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు. దీన్ని 1873లో లోకానికి పరిచయం చేసినవాడు అలన్ ఆక్టేవియన్ హ్యూమ్. అవును, కాంగ్రెస్ పార్టీ పుట్టుకకు కారణమైన హ్యూమ్ ఆయనే. కాంగ్రెస్ పుట్టిన 1885లోనే ఆయన తన పక్షులూ గుడ్లూ 80 వేలకు పైగా బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చేశాడు. ఏళ్ల తరబడి రాసుకున్న రాతప్రతులు సిమ్లా ఇంట్లోంచి మాయమై బజారులో చిత్తుకాగితాల కింద అమ్ముడుపోవడంతో ఆయనకు పక్షుల మీదే విరక్తి పుట్టింది. కాగితం పోతే ఏమవుతుందో అంత కఠినంగా తెలుసుకున్న పక్షి శాస్త్రవేత్త ఇంకొకరు ఉండరు.

1872 నుంచి 1884 దాకా ఈ గుడ్లగూబ నమూనాలు మొత్తం ఏడు దొరికాయి. వాటిలో చాలావరకు ఖాందేశ్ ప్రాంతంలో జేమ్స్ డేవిడ్‌సన్ సేకరించినవి. తర్వాత ఒక్కటీ లేదు. ఒక్క మన కల్నల్ గారిది తప్ప. 1914లో గుజరాత్‌లోని మాండ్వి దగ్గర తాను పట్టానని చీటీ మీద రాసుకున్నాడు. ఆ చీటీని నమ్మారు. నమ్మి, మాండ్వి చుట్టుపక్కల తర్వాతి తరాలవాళ్లు వెతికారు. సలీం అలీ వంటి ఉద్దండులకు కూడా ఈ పక్షి చిక్కలేదు.

1990ల్లో అమెరికాలోని స్మిత్సోనియన్‌లో పనిచేస్తున్న పమేలా రాస్‌ముస్సెన్, బ్రిటన్‌కు చెందిన నైజెల్ కాలర్ కలిసి ఆ నమూనాను బల్ల మీద పెట్టి, హత్య జరిగిన చోట పోలీసులు వెతికినట్టు అంగుళం అంగుళం పరీక్షించారు. ఎక్స్‌రే తీశారు. చర్మం ఒలిచే పనిలో ఎవరి చేతివాటం వాళ్లది. కోత ఎక్కడ పెట్టాలి, కుట్టు ఎలా వేయాలి, రెక్క కీలు దగ్గర దూది ఎంత పెట్టాలి అన్నది మనిషి మనిషికీ మారుతుంది. జాగ్రత్తగా చూస్తే ఆ పక్షిలో రెండు చేతులు కనిపించాయి. పైన కల్నల్ పని, కింద డేవిడ్‌సన్ పని. పాత దూది పీకేసి కొత్త దూది కూరి, మళ్లీ కుట్టారు. రెక్క సందుల్లో మాత్రం పాత దూది పీచులు మిగిలిపోయాయి. కల్నల్ ఆ గుడ్లగూబను మాండ్విలో పట్టనే లేదు. డేవిడ్‌సన్ 1880ల్లో ఖాందేశ్‌లో పట్టిన నమూనాను మ్యూజియం నుంచి కాజేసి, దుస్తులు మార్చినట్టు దూది మార్చి, తన పేర రిజిస్టరు చేసుకున్నాడు.

దొంగతనం బయటపడింది, బాగుంది. కానీ దానివల్ల వచ్చిన అసలు మేలు వేరే. మాండ్వి అబద్ధమని తేలాక, నిజమైన చీటీలున్న నమూనాలే మిగిలాయి. అవి చెప్పిన చోటికే వెళ్దామనుకున్నారు. రాస్‌ముస్సెన్ మరో ఇద్దరు పక్షి పరిశీలకులతో కలిసి భారతదేశానికి వచ్చింది. 1997 నవంబరులో మహారాష్ట్రలోని షహాదా దగ్గర, పట్టపగలు, ఆకులు లేని చెట్టు మీద ఆ గుడ్లగూబ కూర్చుని కనిపించింది. 113 ఏళ్లు! ఆ తర్వాత మేల్ఘాట్‌తో సహా చాలా చోట్ల దాని జాడ తెలిసింది. మ్యూజియంలో ఒక అబద్ధపు చీటీని చింపడం అంటే అడవిలో ఒక పక్షిని వెతికి పట్టడమే అయింది.

కల్నల్ గారి మీద నాకు కోపం ఎక్కువే. డబ్బు దొంగిలిస్తే ఎవరో ఒకరు నష్టపోతారు. చీటీ మార్చిన దొంగ, ఆ నమూనా దగ్గరకు ఎప్పుడో వచ్చే ప్రతి మనిషినీ తప్పుదారి పట్టిస్తాడు.

ఎందుకు ఒక్కటి చాలదు

ఇప్పుడు పిల్లల ప్రశ్నలో రెండో సగం. జాతికి ఒక్కటి ఉంటే సరిపోదా?

1950ల్లో బ్రిటన్‌లో భైరిడేగలు కళ్లముందే తగ్గిపోసాగాయి. గూళ్లలో గుడ్లు పొదిగే తల్లి బరువుకే చిట్లిపోతున్నాయి. డెరెక్ రాట్‌క్లిఫ్ అనే శాస్త్రవేత్తకు అనుమానం వచ్చింది. గుడ్లు పూర్వం కంటే పలచగా ఉన్నాయా? పూర్వం ఎలా ఉండేవో ఎవరికి తెలుసు? పాత గుడ్లు దాచుకున్న వాళ్లకు తెలుసు. గూళ్లలోంచి గుడ్లు దొంగిలించి పెట్టెల్లో దాచుకోవడం ఒకప్పుడు ఇంగ్లండు పెద్దమనుషుల సరదా. పక్షులకు హాని అని 1954లో చట్టం చేసి దాన్ని ఆపారు. ఆ చెడ్డ సరదా మిగిల్చిన పెట్టెలే ఇప్పుడు పనికొచ్చాయి. మ్యూజియాల్లో, సొంత సేకరణల్లో ఉన్న గుడ్లను రాట్‌క్లిఫ్ ఒక్కొక్కటిగా తూచాడు. పొడవు, వెడల్పు కొలిచి, ఆ సైజు గుడ్డుకు పెంకు బరువు ఎంతుందో లెక్క కట్టాడు. తర్వాత వాటిని చీటీల మీది సంవత్సరం ప్రకారం వరసగా పేర్చాడు.

దశాబ్దాల తరబడి పెంకు మందం మారలేదు. 1947 ప్రాంతం నుంచి ఒక్కసారిగా పలచబడింది. భైరిడేగ గుడ్డులో తగ్గుదల దాదాపు ఐదో వంతు. యుద్ధం ముగిశాక పొలాల్లో డీడీటీ చల్లడం మొదలైన కాలం సరిగ్గా అదే. 1967లో రాట్‌క్లిఫ్ ఈ ఫలితాన్ని అచ్చువేశాడు. అమెరికాలోనూ మ్యూజియం గుడ్లు తూచి చూస్తే అదే కథ. డీడీటీ శరీరంలో విరిగి తయారయ్యే పదార్థం పెంకుకు సున్నం చేరకుండా అడ్డుపడుతోందని తర్వాత తేలింది. 1972లో అమెరికా డీడీటీ వాడకాన్ని నిషేధించింది. మన దేశంలో వ్యవసాయానికి 1989లో ఆపారు, దోమల మందుగా మాత్రం ఉంచారు.

జాతికి ఒక్క గుడ్డే ఉంటే ఈ రుజువు దొరికేదా? మార్పు తెలియాలంటే ముందుదీ, తర్వాతదీ రెండూ కావాలి. అదీ పదులూ వందల కొద్దీ కావాలి. ఫోటోను తూచలేం. ఫోటో లోపలి పొర గీకి డీఎన్ఏ తీయలేం.

ఇంట్లోనే పోయిన డైనోసార్

1828లో జబల్‌పూర్ దగ్గర విలియం స్లీమన్‌కు కొన్ని శిలాజ ఎముకలు దొరికాయి. థగ్గుల ముఠాలను అణచినవాడిగా చరిత్రలో పేరున్న స్లీమనే ఆయన. డైనోసార్ అన్న మాట 1842లో గానీ పుట్టలేదు. కాబట్టి అవేమిటో ఆయనకు తెలిసే వీలే లేదు. చేతులు మారి మారి ఆ ఎముకలు కలకత్తా చేరాయి. 1877లో రిచర్డ్ లిడెకర్ వాటిని చూసి టైటానోసారస్ ఇండికస్ అని పేరు పెట్టాడు. భారతదేశంలో పేరు పెట్టుకున్న మొదటి డైనోసార్ అది.

ఒక జీవికి మొదటిసారి పేరు పెట్టేటప్పుడు చేతిలో ఉన్న నమూనాను మూల నమూనా అందాం. శాస్త్రవేత్తలు టైప్ స్పెసిమెన్ అంటారు. రేపు ఎవరికి ఎలాంటి ఎముక దొరికినా, అదే జాతిదా కాదా అని తేల్చుకోవడానికి దీని దగ్గరకే రావాలి. టైటానోసారస్ మూల నమూనాలోని తోక ఎముకలు ఆ తర్వాత కనిపించకుండా పోయాయి. దశాబ్దాలపాటు శాస్త్రవేత్తలు లిడెకర్ గీయించిన బొమ్మలతోనే సరిపెట్టుకున్నారు. చివరికి 2012లో కోల్‌కతాలోని జియొలాజికల్ సర్వే సేకరణల్లోనే ఒక ఎముక బయటపడింది. దేశాలు దాటలేదు, దొంగలూ ఎత్తుకెళ్లలేదు. ఇంట్లోనే, వేరే వాటి మధ్య కలిసిపోయి ఉంది. గుర్తించినవాళ్లు ధనంజయ్ మోహాబే, శుభాశిస్ సేన్. వాళ్లు చేసింది తవ్వకం కాదు, సర్దడం. మ్యూజియంలో జరిగే పరిశోధనలో సగం ఇదే. సర్దే పనికి జీతం తక్కువ, పేరు అసలే ఉండదు. అందుకే మన దగ్గర ఆ పనికి మనుషులు దొరకడం లేదని నా అభిప్రాయం.

తెలుగువాళ్లు కళ్లారా చూడగలిగిన డైనోసార్ హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది. పేరు కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర జియొలాజికల్ సర్వే వాళ్లు తవ్వి తీసిన ఎముకలకు పి.యాదగిరి 1988లో ఈ పేరు పెట్టాడు. దాదాపు 9 మీటర్ల పొడవైన శాకాహారి. సుమారు 18 కోట్ల ఏళ్ల కిందట ప్రాణహిత, గోదావరి లోయలో తిరిగింది. అక్కడ దొరికిన 840 ఎముకలు ఒక్క జంతువువి కావు. కనీసం పన్నెండింటివి, పెద్దవీ చిన్నవీ కలిసిపోయి ఉన్నాయి. ఏ తొడ ఎముక ఏ నడుముకు చెందుతుందో విడదీసి, ఒక నిలువెత్తు అస్థిపంజరంగా నిలబెట్టడానికి ఏళ్లు పట్టింది.

అక్కడికి వెళ్లిన పిల్లలు మొదట చూసేది తల. నిజానికి తవ్వకంలో దొరకనిది అదే. పళ్లు దొరికాయి, పుర్రె దొరకలేదు. అదే లోయలో దొరికి, 1975లో పేరు పెట్టుకుని, కోల్‌కతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నిలబడ్డ బరపాసారస్‌కూ పుర్రె లేదు. ఈ రకం జంతువులకు మెడ చివర పుర్రె చిన్నది, ఎముకలు పలచన, కీళ్లు వదులు. వరద నీటిలో శవం కొట్టుకుపోతే ముందు ఊడిపోయేది అదే. ఎంతవరకు అసలు ఎముక, ఎక్కడి నుంచి ఊహ అన్నది అస్థిపంజరం పక్కన పలక మీద స్పష్టంగా రాయడం మంచి మ్యూజియం లక్షణం. మన చోట్ల దీని మీద శ్రద్ధ ఇంకా పెరగాలి.

రాయి చెప్పనిది ఇసుక చెబుతుంది

చచ్చిన కాలేజీకే మళ్లీ వద్దాం. ఎగ్మూరు మ్యూజియంలో పాతరాతియుగపు పనిముట్లకు వెలలేని సేకరణ ఒకటుంది. దాన్ని పోగుచేసినవాడు రాబర్ట్ బ్రూస్ ఫుట్. జియొలాజికల్ సర్వే ఉద్యోగి. ఖనిజాలూ రాళ్లూ వెతకడం జీతానికి చేసే పని. 1863లో మద్రాసు పక్కన పల్లావరంలో ఒక రాయి తీసి చూస్తే, అది మనిషి చెక్కిన చేతిగొడ్డలి అని ఆయనకు తట్టింది. దక్షిణ భారతదేశంలో ఆదిమానవుడి ఉనికికి మొదటి రుజువు అదే. ఆ ఏడాదే కొర్తలయారు ఒడ్డున అత్తిరంపాక్కం దగ్గర ఇంకా పెద్ద నిధి చూశాడు. తర్వాతి దశాబ్దాల్లో కర్నూలు, బళ్లారి, కడప ప్రాంతాలన్నీ గాలించాడు. బేతంచెర్ల దగ్గర బిళ్లసర్గం గుహల్లో కొడుకుతో కలిసి తవ్వకాలు చేశాడు. తన సేకరణను మద్రాసు మ్యూజియానికి అప్పగించి, ప్రతి ముక్కా ఏ ఊరి దగ్గర దొరికిందో చెప్పే జాబితా తయారుచేశాడు. ఆయన చనిపోయాక, 1914లో అది అచ్చయింది.

రాతి గొడ్డలిని చూసి దాని వయసు చెప్పడం దాదాపు అసాధ్యం. రాయి పుట్టి కోట్ల ఏళ్లయి ఉంటుంది, చెక్కింది ఎప్పుడో అది చెప్పదు. దాన్ని కప్పిన మట్టి మాత్రం చెబుతుంది. మట్టిలో ఇసుక రేణువు పూడుకుపోయిన నాటి నుంచి, చుట్టూ ఉన్న సహజ రేడియోధార్మికత దానిలో కొద్దికొద్దిగా శక్తిని దాచిపెడుతుంది. ఎండ తగిలితే ఆ నిల్వంతా ఖాళీ అయిపోతుంది. కాబట్టి రేణువును వెలుతురు తగలకుండా తీసుకెళ్లి, ప్రయోగశాల చీకటి గదిలో కాంతితో తట్టి లేపితే, అది దాచుకున్న శక్తిని సన్నటి వెలుగుగా వదులుతుంది. ఎంత వెలుగో కొలిస్తే, ఆ రేణువు చివరిసారి ఎండ చూసి ఎన్నాళ్లయిందో తెలుస్తుంది. దీన్ని వెలుగు లెక్క అనుకోండి. శాస్త్ర గ్రంథాల్లో ల్యూమినిసెన్స్ డేటింగ్ అంటారు.

ఎగ్మూరు బీరువాలోని గొడ్డలికి మట్టి లేదు. అది 19వ శతాబ్దంలోనే కడిగేసిన రాయి. కానీ అది ఎక్కడిదో జాబితాలో ఉంది. శాంతి పప్పు, కుమార్ అఖిలేశ్ బృందం అత్తిరంపాక్కం వెళ్లి, 1999 నుంచి కొత్తగా, మట్టితో సహా, పొరపొరగా తవ్వింది. 2011లో వాళ్లు ప్రకటించిన ఫలితం ప్రకారం అక్కడి తొలి చేతిగొడ్డళ్లు చేసినవాళ్లు దాదాపు 15 లక్షల ఏళ్ల నాటివాళ్లు. ఈ వయసు వేరే పద్ధతులతో తేల్చారు. 2018లో వెలుగు లెక్కతో ఇంకో సంగతి తెలిసింది. చేతిగొడ్డళ్లు వదిలేసి, చిన్న చిన్న పెచ్చులతో నేర్పుగా పనిముట్లు చేసే కొత్త విద్య అక్కడ దాదాపు 3 లక్షల 85 వేల ఏళ్ల కిందటే మొదలైంది. అది ఎక్కడినుంచో చాలా ఆలస్యంగా మన దేశానికి వచ్చిందన్న పాత నమ్మకం సడలింది. ఇదంతా ఫుట్‌కు తెలియదు. ఆయన చేసిందల్లా తాను ఏ ఒడ్డున వంగి రాయి తీశాడో రాసిపెట్టడం.

మరి మన చుట్టూ ఉన్న బీరువాల సంగతేమిటి? 2016 ఏప్రిల్‌లో ఢిల్లీలోని జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం కాలిపోయింది. 2018 సెప్టెంబరులో బ్రెజిల్ జాతీయ మ్యూజియం కాలిపోయింది. నిప్పు పెద్ద శత్రువే, వార్త అవుతుంది. కానీ మన కళాశాలల జంతుశాస్త్ర, వృక్షశాస్త్ర విభాగాల్లో నమూనాలు పోవడానికి నిప్పు అక్కర్లేదు. కొత్త హెడ్ వస్తాడు, గదికి సున్నం వేయిస్తాడు, సీసాలు ఒకచోటికీ రిజిస్టరు ఇంకోచోటికీ వెళ్తాయి. అంతే.

మీరు టీచరో, పూర్వ విద్యార్థో అయితే ఒక పని చేయండి. మీ కళాశాలలో పాత సీసాలు, ఎండబెట్టిన మొక్కల అట్టలు, రాళ్ల పెట్టెలు ఉన్నాయేమో కనుక్కోండి. పారేసే ఆలోచన ఉంటే ఆపమనండి. ముందు చీటీలనూ రిజిస్టరు పుటలనూ ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి. తర్వాత హైదరాబాద్‌లోని జువలాజికల్ సర్వే కేంద్రానికో, దగ్గరి విశ్వవిద్యాలయానికో కబురు చేయండి. పొలం దున్నేటప్పుడో బావి తవ్వేటప్పుడో వింత ఎముక, చెక్కిన రాయి బయటపడితే పైకి లాగకండి, కడగకండి. పక్కన రూపాయి బిళ్ల పెట్టి, ఉన్నచోటే ఫోటో తీసి, ఊరి పేరు, సర్వే నంబరు, ఎన్ని అడుగుల లోతో, తేదీ ఎంతో ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టండి. ఆ కాగితం పోకుండా చూడండి.